ఎముకకూ ఒక గడువుంది

బడిలో పెట్టే అన్నం గురించి మన రాష్ట్రంలో ఈ మధ్య జరిగినంత చర్చ ఇంకెప్పుడూ జరగలేదేమో! 2023 మార్చిలో రాగిజావ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో బళ్ళు తెరిచేసరికి లావు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చింది. ప్రతిసారీ వాదోపవాదాలే. ఎవరి పేరు పెట్టారు, అన్నం ముద్దయిందా పొడిగా ఉందా, గుడ్డు పెద్దదా చిన్నదా అని పేపర్లు రాశాయి, నాయకులు తిట్టుకున్నారు.

ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. ఈ అన్నం తిన్న పిల్ల ఎముక ఎంత గట్టిపడుతోంది?

అదేం ప్రశ్న అనుకోకండి. బందరు, గుడివాడ, దివిసీమ తల్లులు ముఖ్యంగా వేసుకోవలసిన ప్రశ్న అది. ఎందుకంటే మనది అన్నానికి కరువు లేని సీమ. అసలు చిక్కు కూడా అక్కడే వచ్చింది.

గాదె నిండేది ఒకసారే

ఎముకంటే చచ్చుకొయ్య కాదు. అది లోపల్లోపల అరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉండే ప్రాణమున్న వస్తువు. పిల్లల్లో అరిగేదానికన్నా కట్టుకునేది ఎక్కువ. పెద్ద వయసులో కట్టుకునేదానికన్నా అరిగేది ఎక్కువ. జీవితాంతం మనల్ని నిలబెట్టే ఎముక సరుకులో దాదాపు 90 శాతం 18-20 ఏళ్ళలోపే చేరిపోతుంది. అందులోనూ ఆడపిల్లలకు పన్నెండు, పదమూడేళ్ళ దగ్గర, మగపిల్లలకు పద్నాలుగేళ్ళ దగ్గర ఒక జోరు వస్తుంది. ఆ రెండేళ్ళలోనే మొత్తం సరుకులో సుమారు నాలుగోవంతు చేరుతుంది.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, కోతల కాలంలో గాదె నింపుకున్నట్టన్నమాట. కోతలయ్యాక ఎంత పరుగెత్తినా ధాన్యం రాదు. ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవడమే. ముట్లు ఆగిపోయాక ఆడవారిలో ఎముక తరుగుదల వేగం పుంజుకుంటుంది. బాత్రూంలో జారిన మామ్మగారి తుంటి విరిగితే “వయసైపోయింది, ఏం చేస్తాం” అంటాం. వయసు సంగతి సరే, ఆవిడ పదమూడో ఏట ఆ గాదెలో ఎంత పోశారో ఎవరైనా అడిగారా?

అన్నపు సీమలో లోటు

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో వరి రాజ్యమేలింది. మెట్ట ధాన్యాలు వెనక్కి పోయాయి. వరన్నం తినడం మర్యాద, జొన్న కూడూ రాగి సంకటీ తినడం లేనితనం అనే భావం స్థిరపడింది. ఇప్పటికీ చూడండి, మన ఇళ్ళలో రాగిజావ కాచేది ఎవరికి? షుగరొచ్చిన తాతగారికి! ఎదిగే మనవరాలికి మాత్రం పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అట్టు, రాత్రి మళ్ళీ అన్నం. నాలుగు పేర్లున్నా సగానికి పైగా బియ్యమే.

వంద గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు. అదే వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 10-12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాములు, 13-15 ఏళ్ళవారికి 1000, 16-18 ఏళ్ళవారికి 1050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఈ లెక్కన అన్నంతోనే తెచ్చుకుందామంటే ఆ పిల్ల రోజుకు పది కిలోల బియ్యం తినాలి!

రేషన్ బియ్యంలో పోషకాలు కలుపుతూ వచ్చారు కదా అంటారా? కలిపింది ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్. రక్తహీనతకు అవి మంచివే. వాటిలో కాల్షియం లేదు. సన్నబియ్యం తినడానికి హాయిగా ఉంటుంది, పిల్లలు పారేయకుండా తింటారు. అదీ మంచిదే. కానీ సన్నమైనా లావైనా బియ్యం బియ్యమే. గుడ్డు సంగతంటారా, మాంసకృత్తులకు దాన్ని మించింది లేదుగానీ, దాని కాల్షియం దాదాపు అంతా మనం పారేసే పెంకులోనే ఉంది.

పాలు ఎక్కడికి పోతున్నాయి?

“మా దగ్గర పాడికేం తక్కువ?” అని గుడివాడ వైపు వారికి కోపం రావచ్చు. పాడి ఉంది, పాలూ ఉన్నాయి. తెల్లారకముందే గేదె కింద కూర్చునేది ఇల్లాలే, కేన్ తీసుకుని పాలకేంద్రానికి వెళ్ళేదీ ఆవిడే. వెన్నశాతం చూసి, చీటీ రాసి, పదిహేను రోజులకో బిల్లు ఇస్తారు. ఆ డబ్బుతోనే ఫీజులు, చీటీపాటలు. ఇంటికి మిగిలేది టీ పెట్టుకోవడానికి ఓ గ్లాసెడు. అందులోనే పిల్లలకూ టీ. పాలమ్మి బతకడం తప్పు కాదు. కానీ గేదె ఉన్న ఇంట్లో పిల్ల టీ తాగి బడికి పోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

గేదెలు కూడా తగ్గుతున్నాయి. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి చాలామటుకు చేలోనే పోతోంది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు మేత భూముల్ని మింగేశాయి. సరే, పాలు పోతే చేపలొచ్చాయిగా అనుకుందామా? చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె లారీలెక్కి కలకత్తా పోతున్నాయి. ఇంట్లో వండినా ముల్లు తీసి కండ తింటాం కాబట్టి వాటి నుంచి కాల్షియం వచ్చేది స్వల్పం. ముల్లుతో సహా నమిలి మింగే చిన్నచేపలున్నాయే, అసలు సరుకు వాటిలో ఉంది. నాగాయలంక, కోడూరు వైపు, బందరు గిలకలదిండి వైపు ఆడవాళ్ళు ఇసుక మీద ఎండబెట్టే మెత్తళ్ళు, రొయ్యపొట్టు పేదింటి కాల్షియం. “కంపు” అని ముక్కు మూసుకుని మనం పక్కన పెట్టింది దాన్నే. ఉప్పు ఎక్కువ కాబట్టి కడిగి వండుకోవాలి, అంతే.

చిమ్మిలి చెప్పిన మాట

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మన ప్రాంతంలో నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు. నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. అందులో కొంత ఒంటికి పట్టదు. అయినా మిగిలేది తక్కువేం కాదు. సరిగ్గా ఎముక జోరు మీదున్న రోజుల్లో ఆ పిండి పెట్టాలని ఏ అమ్మమ్మ కనిపెట్టిందోగానీ, ఆవిడకు దణ్ణం పెట్టాలి.

మరి మనం చేస్తున్నదేమిటి? ఆ కొద్ది రోజులూ చిమ్మిలి పెట్టి, పట్టుచీర కట్టి, ఫొటోలు తీసి, భోజనాలు పెట్టి, పన్నెండో రోజుకల్లా అన్నీ ఆపేస్తాం. ఆపేది చిమ్మిలి ఒక్కటే కాదు. “ఇక గంతులు మాను” అని ఆటా ఆపేస్తాం. “ఎండలో తిరిగితే నల్లబడతావు, రేపు పెళ్ళెలా?” అని ఎండా ఆపేస్తాం. ఎముకకు కావలసినవి మూడు - తిండి, ఎండ, ఆట. అవసరం అన్నిటికన్నా ఎక్కువున్న ఏడాదే ఆ మూడింటినీ ఒకేసారి లాగేసుకుంటున్నాం. అదే వయసు తమ్ముడికి గ్లాసుడు పాలు, వీధిలో క్రికెట్టూ మామూలే!

మాత్ర ఎప్పుడిస్తున్నారు?

ఈ ఆలస్యం ఇంట్లోనే కాదు, సర్కారులోనూ ఉంది. బడి పిల్లలకు వారం వారం ఇనుము మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. కాల్షియం మాత్రలు మాత్రం గర్భిణులకే. 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నాలుగో నెల నుంచి కాన్పు దాకా, ఆ తర్వాత ఆరు నెలలు రోజుకు రెండు మాత్రలివ్వాలి. మంచి పనే. గర్భంలోని బిడ్డ ఎముకలకు సుమారు 30 గ్రాముల కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే తల్లి ఎముకల నుంచి లాగుతుంది.

కానీ ఆలోచించండి. ఆడపిల్ల ఎముక గురించి అందరికీ గుర్తొచ్చేది ఆమె కడుపులో ఇంకో ప్రాణం పడ్డాకనే! ఆమె ఎముక ఆమెకోసం ఎప్పుడు గుర్తు రావాలి?

దీనికి తోడు తొందర పెళ్ళిళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవారిలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. 15-19 ఏళ్ళ వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో అయ్యారు. తన గాదె ఇంకా నిండనే లేదు, అందులోంచి బిడ్డకు కొలవడం మొదలుపెట్టిందన్నమాట. బాల్యవివాహం గురించి మాట్లాడేటప్పుడు చదువు పోతుంది, కాన్పు కష్టమవుతుంది అంటాం. ఎముక కూడా పోతుందని చేర్చుకోవాలి.

ఎండ ఉందిగానీ...

బందరులో ఎండకు కొదవా! అయినా డి విటమిన్ లోటు మన తెలుగు నేల మీద ఉందని తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఏళ్ళ క్రితమే తేల్చింది. ఆరోగ్యంగా కనబడేవారిలోనే ఆ లోటు, దానితోపాటు తిండిలో కాల్షియం కొరత బయటపడ్డాయి. పొలం పనులు చేసుకునే పల్లెవారికన్నా పట్నంలో నీడపట్టున ఉండేవారిలో డి లోటు ఎక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతీ వాళ్ళు చెప్పారు. చర్మం డి విటమిన్ తయారు చేసుకోవడానికి పనికొచ్చే ఎండ ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వచ్చేదే. “లేత ఎండలో నిలబెట్టండి” అని మనం చెప్పుకునే పొద్దుటి ఏడు గంటల ఎండ ఒంటికి హాయేగానీ, దానితో ఈ పని పెద్దగా జరగదు.

అలాగని మే నెలలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ఎండలో నిలబెట్టమని కాదు. వడగాడ్పుల రోజులు వదిలేసి, మిగతా నెలల్లో భోజనం బెల్లు కొట్టాక పది, పదిహేను నిమిషాలు చేతులు, మొహం ఎండకు తగిలేలా ఆడుకుంటే చాలు. అద్దం కిటికీ వెనక కూర్చుంటే మాత్రం లాభం లేదు.

గెంతితేనే గట్టి

ఇప్పుడు చెప్పబోయేది మన తెలుగు పల్లెల్లోనే జరిగిన పరిశీలన. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో 1987-90 మధ్య కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం పెట్టారు. కొన్ని ఊళ్ళకు ఆ సదుపాయం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళయ్యాక కొలిస్తే, ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఈ ఫలితం 2008లో వెలువడింది. పెద్దయ్యాక వాళ్ళ ఎముకల సాంద్రత కొలిచి 2014లో ఇంకో ఫలితం ప్రకటించారు. ఎముక గట్టిదనానికి పసితనంలో తిన్న తిండికన్నా, ఇప్పుడు ఒంట్లో ఉన్న కండ, కాళ్ళమీద బరువు పడేలా చేసే శ్రమ ఎక్కువ లెక్కకొచ్చాయి.

అంటే ఏమిటి? పసితనంలో తిండి సరిగ్గా లేకపోయిందే అని దిగులుపడి ఊరుకోనక్కర్లేదు. పదేళ్ళు దాటాక కూడా చెయ్యగలిగింది చాలా ఉంది. పరుగు, తాడాట, తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, ఖోఖో - నేల మీద పాదం దబ్బున పడే ప్రతి ఆటా ఎముకకు కబురు పంపుతుంది, గట్టిపడమని. సైకిలు గుండెకు మంచిదేగానీ, ఎముక మీద పడే బరువు తక్కువ. కాబట్టి సైకిలు తొక్కుతోందిగా అని ఆట మాన్పించకండి.

మరి మన పిల్లలకు ఆడే చోటేదీ? ఇంటి ముందుకొచ్చే స్కూలు బస్సు, నాలుగంతస్తుల భవనంలో బడి, సాయంత్రం ట్యూషన్. ఇంటర్‌కొచ్చేసరికి రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా కుర్చీలోనే. ర్యాంకు కోసం రెండేళ్ళేగా అంటాం. ఎముక కట్టుకునే చివరి ఏళ్ళు కూడా అవేనని ఆ ఫీజు రసీదు మీద ఎవరూ రాయరు. ఇది ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికీ నష్టమే.

డబ్బాలో పొడుగు దొరకదు

ఈ దిగుల్ని కనిపెట్టి వ్యాపారం చేసేవాళ్ళుండనే ఉన్నారు. పొడుగవుతారు, గట్టిపడతారు అని టీవీలో చెప్పే పొడుల డబ్బాలు కొనని ఇల్లు తక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా లాంటి వాటిని ‘హెల్త్ డ్రింక్’ అనే వరుసలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. చట్టంలో ఆ పేరుతో ఏ వర్గమూ లేదు మరి. ఆ పొడి కలిపిన గ్లాసులో ఎముకకు పనికొచ్చే సరుకులో పెద్ద భాగం మనం పోసిన పాలదే. పొడికి పెట్టే డబ్బు పాలకు పెడితే రెండింతలు లాభం.

అలాగే మందుల షాపులో అడిగి 60 వేల యూనిట్ల డి విటమిన్ పొట్లాలు వారం వారం వేసేయడం ఇంకో అలవాటు. డాక్టరు చెప్పకుండా అది చెయ్యకూడదు. ఎక్కువైతే మూత్రపిండాలకు చేటు. డాక్టరు కాల్షియం, ఇనుము మాత్రలు రెండూ రాసిస్తే ఒకేసారి వెయ్యకండి. ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదు.

మనం చేయగలిగింది

ఒక రోజు లెక్క చూద్దాం. రెండు గ్లాసుల పాలు, లేదా అంత పాల పెరుగు - 480 మిల్లీగ్రాములు. ముప్పై గ్రాముల రాగి పిండితో చిక్కటి జావ - సుమారు వంద. పది గ్రాముల నువ్వులున్న ఓ ఉండ - వందకు పైన. ఓ గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే ఇంకో వంద. చిన్నచేపలు వండిన రోజు ఇంకా నయం. పదమూడేళ్ళ పిల్లకు ఇంచుమించు సరిపోతుంది. పాలు కొనలేని ఇంట్లో నువ్వులు, రాగులు, మునగాకు, మెత్తళ్ళు ఇంకాస్త పెరగాలి. మునగాకు మనకు ఆషాఢంలోనే గుర్తొస్తుంది. చెట్టుకు మాత్రం ఏడాది పొడుగునా ఆకుంటుంది! పాలకూర మంచిదే అయినా అందులోని కాల్షియం చాలావరకు ఒంటికి పట్టదు కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు.

పిల్లల కాళ్ళు కూడా గమనించండి. నడక వచ్చిన కొత్తలో కాళ్ళు కాస్త విల్లులా ఉండటం, మూడు నాలుగేళ్ళప్పుడు మోకాళ్ళు దగ్గరకు రావడం సహజమే. రెండేళ్ళు దాటినా విల్లులా ఉన్నా, ఏడేళ్ళు దాటినా మోకాళ్ళు రాసుకుంటున్నా, ముంజేతి మణికట్లు లావెక్కినా “పెద్దయితే అదే పోతుంది” అని ఊరుకోకండి. బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం చూడవలసిన జబ్బుల జాబితాలో రికెట్స్ కూడా ఉంది. వాళ్ళొచ్చిన రోజు పిల్లను బడి మాన్పించకండి. 2023 నుంచి బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దివిసీమ నుంచైనా రావడం కష్టం కాదు.

ఇక బడిలో అడగవలసినవి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు బళ్ళలో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ఆ తర్వాతా పెడుతున్నారు. ముగ్గులు, ఆటల పోటీలు, నాలుగు ఉపన్యాసాలతో అది ముగియనక్కర్లేదు. తల్లులు లేచి నాలుగు మాటలు అడగాలి. జావ చిక్కగా ఉంటోందా, నీళ్ళగా ఉంటోందా? ఆడపిల్లల్ని ఆటల పీరియడ్‌లో ఆడనిస్తున్నారా, ఆ గంటలో లెక్కలు చెబుతున్నారా? వేరుశనగ చిక్కీలో నువ్వులు కలపలేరా? పిల్లలకు ఇనుము మాత్రతో ఆగక, కాల్షియం సంగతి కూడా ఆరోగ్య శాఖ ఎందుకు చూడదు? ఈ ప్రశ్నల్లో రాజకీయం లేదు. ఏ పార్టీ పేరు పెట్టినా పిల్ల ఎముక ఒకటే.

ఇంట్లో అడగవలసింది మాత్రం ఒకటే. రేపు పెరుగు గిన్నె పళ్ళెం దగ్గరకొచ్చినప్పుడు గరిటె ముందు ఎవరి వైపు తిరుగుతోందో చూసుకోండి. తాతగారికి, నాన్నగారికి, అబ్బాయికి అయ్యాక అడుగున మిగిలిన నీళ్ళ పెరుగు అమ్మాయిదైతే, గరిటె తిరగవలసిన వైపు తిప్పండి. దానికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు. కోతల కాలం దాటిపోకముందే తిప్పాలి, అంతే.